ఇంటి ముచ్చటలు: మూల బీరువా



గత మాసమున ఊరగాయ జాడీలను గూర్చి నేను వ్రాసిన నాలుగు మాటలు చదివి, ఒక సోదరి ఇట్లు వ్రాసినది: "జాడీల సంగతి సరే. ఇంటిలోని తక్కిన వస్తువుల నెక్కడ సర్దుకొందుము? ఇల్లు చిన్నది, సామాను పెద్దది." ఆ జాబు చదివి నాలో నేను నవ్వుకొంటిని. ఏలయన, కాపురమునకు వచ్చిన నాటి నుండియు నేనును ఆ ప్రశ్ననే వేసికొనుచుంటిని. దానికి మా యింట దొరకిన సమాధానము ఒక మూల బీరువా. అది అంగడిలో కొన్నది కాదు. 2025వ సంవత్సరపు వేసవి సెలవులలో మా ఊరి వడ్రంగి ఆచారిగారి నేర్పు వలనను, మావారి చెమట వలనను, నా తొందరపాటు వలనను తయారైనది. నేర్పు వలన కలిగిన మేలును చెప్పి, తొందరపాటు వలన కలిగిన చేటును దాచుట న్యాయము కాదు గనుక, రెంటిని చెప్పెదను.

మాది పర్చూరు ప్రాంతమందలి పల్లె. ఈ సీమ 1970 వఱకు గుంటూరు జిల్లాలోనిది. పిమ్మట ప్రకాశము జిల్లాలో చేరినది. 2022 నుండి బాపట్ల జిల్లాలో నున్నది. జిల్లా పేరు మూడు మాఱులు మాఱినను, మా యింటి పడమటింటి మూల మాత్రము మా మామగారి తండ్రిగారు కట్టించిన నాటి నుండి ఖాళీగనే యుండెను. అక్కడ ఒక చీపురు, ఒక విఱిగిన గొడుగు, మిరపకాయల కాలమున రెండు గోనె సంచులు ఉండుట ఆచారము. ఆ మూలకు యోగము పట్టుటకు కారణము మా అత్తయ్యగారి కన్నులు.

అత్తయ్యగారికి కన్నులలో నీటికాసులు అను జబ్బు కలదు. శుక్లములైనచో శస్త్రచికిత్సతో చూపు మరల వచ్చును గాని, నీటికాసుల వలన పోయిన చూపు తిరిగి రాదట. మిగిలిన చూపును నిలుపుకొనుటకు ప్రతిదినము వేళ తప్పక చుక్కలమందు వేసికొనవలెను. ఆమెకు ఎదుటి వస్తువు కొంత కనబడును, ప్రక్కలనున్నది కనబడదు. తన వస్తువులన్నియు తన భోషాణములో పెట్టుకొను అలవాటు ఆమెది. ఆ భోషాణము నడుము లోతు. మందు సీసాకై అందులోనికి వంగి, చేతితో తడవి తడవి, ఒకనాడు తూలి మోచేయి గీచుకొనినది. నేను పరుగెత్తి వచ్చి, "అత్తయ్యగారూ, నన్ను పిలువరాదా?" అంటిని. ఆమె మోకాలిపై కూర్చుండియే, "ఎన్నిసార్లు పిలిచేదే అమ్మాయీ? నా వస్తువు నేను తీసుకోలేకపోతే ఇంక నాదేముంది ఈ ఇంట్లో?" అనినది. ఆ మాట నాకు రాత్రంతయు నిద్ర పట్టనీయలేదు.

వంగవలసిన పని లేని, చేయి చాచిన చాలును అందునట్టి సొరుగులు ఆమెకు కావలెను. ఉన్న స్థలము ఆ మూల యొక్కటే. ఇట్లు మా ప్రయత్నము మొదలైనది.

మొదట కఱ్ఱ సంగతి. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు మా పెరటి వేపచెట్టు కూలినది. మావారు దానిని కోత మిల్లుకు పంపి, అంగుళము మందము పలకలు కోయించి, పలకకును పలకకును నడుమ బద్దలు పెట్టి, చావడి నీడలో పేర్పించిరి. అంగుళము మందమునకు ఏడాది చొప్పున ఆరవలెనని వడ్రంగుల లెక్క. అవి పదునేడు మాసములు ఆరినవి. పచ్చికఱ్ఱతో బీరువా చేసిన యెడల అది ఇంటిలో ఆరుచు వంకరలు తిరిగి, చేసినవారిని ఎక్కిరించును. ఈ ప్రాంతమున ఇప్పుడు సుబాబుల్, జామాయిల్ తోటలు మెండుగ కలవు గాని అవి చాల మట్టుకు కాగితపు మిల్లులకు పోవునవి. నల్లతుమ్మ గట్టిదే, బండికిని నాగలికిని తగినది, ఉలికి లొంగదు. వేప మధ్యమము. చేదు కలది గనుక పురుగు అంత తొందరగ ముట్టదు. బీరువా చట్రమునకు వేపయే చాలునని ఆచారిగారు చెప్పిరి.

సొరుగులకు మాత్రము వేప వలదనిరి. "అమ్మా, రోజూ లాగేదానికి టేకు ఉండాల. కదలిక తక్కువ" అనిరి. టేకు కొందమన్న ధర విని మావారు లెక్కల పుస్తకము మూసిరి. అప్పుడు నా చూపు భోషాణముపై పడినది. దాని అడుగు బల్లను చెదలు తినివేసినవి. గోడలును మూతయు చెక్కుచెదరని టేకు. అత్తయ్యగారి పుట్టిల్లు మార్కాపురము వైపు. పలకలకు పేరు పొందిన ఊరు గదా. మనలో పెక్కండ్రు అక్షరములు దిద్దినది ఆ రాతిపలకల మీదనే. అక్కడికి నల్లమల అడవి దగ్గఱ. ఆమె తండ్రిగారు నల్లమల టేకుతో ఆ పెట్టెను చేయించి, పెండ్లినాడు బిడ్డతో పంపిరి.

నేను ఆలోచింపకయే, "అత్తయ్యగారూ, ఈ పెట్టె ఎటులను చెదలు తిన్నది. దీనినే విప్పి మీకు సొరుగులు చేయింతుము" అంటిని. నేను మేలు చేయుచుంటినని నా గర్వము. ఆమె ఏమియు అనలేదు. ఆ పూట మజ్జిగన్నము తిని లేచినది, మఱునాడును అంతే. పిల్లలు "నాయనమ్మకు కోపమా?" అని అడిగిరి. కోపమైనచో ఒక మాట వచ్చును. అది కోపము కాదు. మూడవనాడు సాయంకాలము ఆమె తానే పిలిచి, "విప్పండి. చెదలకు వదిలేదాని కంటే అదే నయం. కాని ఆచారిని నా ఎదుటే విప్పమను" అనినది. పెద్దవారి వస్తువును ముట్టుటకు ముందు వారి మనస్సును అడుగవలెనను ఇంగితము నాకు ఆ మూడు దినములలో అలవడినది. ముప్పది ఐదేండ్లు వచ్చినవి. ఇంకను నేర్చుకొనవలసినది చాల కలదు.

ఇక మూల సంగతి. గోడకు గోడ కలిసిన చోట లంబకోణ ముండునని మన నమ్మకము. మూలమట్టము పెట్టి చూడగ ఏదో తేడాగ తోచినది. మావారు పాఠశాలలో పిల్లలకు చెప్పు లెక్కను ఇంట ప్రయోగించిరి. మూల నుండి ఒక గోడ వెంబడి 3 అడుగులు, రెండవ గోడ వెంబడి 4 అడుగులు కొలిచి గుర్తులు పెట్టి, ఆ గుర్తుల నడుమ దూరము కొలువవలెను. అది సరిగ 5 అడుగులైనచో మూల సరియైనది. మాకు 5 అడుగుల ఒకటిన్నర అంగుళము వచ్చినది. అనగా మూల మూడు డిగ్రీలు విచ్చుకొనియున్నది.

ఈ కొలత నిన్న మొన్నటిది కాదు. యజ్ఞవేదికలను కొలుచుటకు త్రాళ్లతో మూలలు తీర్చు విధానము శుల్బసూత్రములలో కలదు. మా తండ్రిగారు నాకు ఆపస్తంబ శుల్బసూత్రముల సంగతి చెప్పుచు 3, 4, 5 అను కొలతయు, 5, 12, 13 అను కొలతయు నూలు త్రాటితో నేలపై వేసి చూపిరి. వంటింటి గడప దాటని ఆడుపిల్లకు వేదికల కొలత లెందుకని మా మేనత్త విసుగుకొనెడిది. ఇన్నాళ్లకు ఒక బీరువా పాలిట అది అక్కఱకు వచ్చినది. మాకు కొలది దూరముననే పావులూరు కలదు. మహావీరాచార్యుల సంస్కృత గణితమును తెనుగు పద్యములలోనికి తెచ్చి సారసంగ్రహగణితము రచించిన పావులూరి మల్లన ఇంటిపేరు ఆ ఊరిదే. లెక్క మగవారిదనియు, వంట ఆడువారిదనియు అనుకొనుట మన పొరపాటు. కొలత రాని ఇల్లాలు వంటయు చేయలేదు గదా!

మూల ఏల విచ్చుకొనినది? మాది నల్లరేగడి నేల. ప్రత్తికిని మిరపకును తల్లివంటిది; గోడలకు మాత్రము సవతి తల్లి. వానకు నీరు త్రాగి ఉబ్బును. రోహిణి కార్తెలో కుంచించుకొని చేయి దూరునంత బీటలు వాఱును. ఏటేట ఇట్లు క్రిందికిని మీదికిని కదలు నేలపై పాతకాలపు పునాది ఎట్లు నిలుకడగ నుండును? ఇల్లు మెల్లమెల్లగ ఒత్తిగిలును. మూడు డిగ్రీలు కంటికి కనబడవు. కాని రెండడుగుల బల్లను చేర్చినచో దాని చివర గోడకును బల్లకును నడుమ అంగుళమున్నర పాతిక తక్కువగ సందు ఏర్పడును. ఆ సందులో సాలెపురుగులు కాపురముండును. కావున బీరువాను పుస్తకములోని మూలకు కాక, మీ యింటి మూలకు చేయింపుడు. మేము పాత వార్తాపత్రికలను అతికి, మూలలో నేలపై పఱచి, గోడల అంచు వెంబడి కత్తిరించి, ఆ కాగితమునే ఆచారిగారి చేతికిచ్చితిమి. దర్జీకి ఆది రవిక ఇచ్చినట్లే.

రూపము విషయమున నేనొక పొరపాటు చేయబోయి తప్పించుకొంటిని. మూల బీరువా అనగానే ముక్కోణపు పెట్టె తోచును. అరలకు ముక్కోణము బాగుగనే యుండును, సొరుగులకు పనికిరాదు. సొరుగు నలుచదరముగ నున్నగాని బయటికి జాఱదు. ముక్కోణములో నలుచదరమును ఎట్లు ఇమిడ్చినను సగము స్థలమునకు మించి దక్కదు. మీరును కాగితముపై గీచి చూచుకొనవచ్చును. అందుచే ముక్కోణమునకు బదులు ఐదు కోణముల రూపము తీసికొంటిమి. మూల నుండి ఇరువైపుల గోడల వెంబడి 27 అంగుళములు. అక్కడ గోడ నుండి ఎదురుగ బయటికి 9 అంగుళముల ప్రక్కబల్లలు. ఆ రెండు బల్లల అంచులను కలుపు ముఖము సుమారు 25½ అంగుళములు. ఇట్లు చేయగ 20 అంగుళముల వెడల్పును 14 అంగుళముల లోతును గల సొరుగులు ఇమిడినవి. సొరుగుల వెనుక మూలలో ఒక చిన్న ముక్కోణపు ఖాళీ మిగిలినది. సొరుగు పూర్తిగ తీసినగాని అది కనబడదు. అక్కడ ఏమి దాచుదుమో ఈ పత్రికలో చెప్పను.

ఎత్తు 5 అడుగులు. సాధారణముగ సొరుగులను అడుగున పెట్టి అరలను పైన పెట్టుదురు. మేము త్రిప్పి పెట్టితిమి. అడుగున 22 అంగుళముల గూడు. అందులో పండుగలకు గాని తీయని గంగాళములు, పెద్ద పళ్లెములు. దానిపై ఐదేసి అంగుళముల సొరుగులు నాలుగు. అనగా అవి నేలకు 22 అంగుళముల నుండి 42 అంగుళముల వఱకు నున్నవి. అత్తయ్యగారు నిలుచున్నచో మోచేయి పై సొరుగునకు సరిగ వచ్చును; క్రింది సొరుగునకును నడుము వంగ నక్కఱలేదు. అన్నిటికంటె పైన 18 అంగుళముల అర, దానికొక తలుపు. ఏ బీరువా చేయించినను మొదట దానిని వాడువారిని నిలువబెట్టి కొలువుడు. మనమందఱము పెండ్లికూతురు చేతికి గాజులు కొలుతుము గాని, ముసలితల్లి చేతికి అర ఎత్తు కొలువము.

సొరుగుల పిడులన్నియు ఒక్క రీతిగ నుండుట అందమని లోకము. చూపు తక్కువైనవారికి అది అడవిలో దారి తప్పించినట్లు. మేము నాలుగింటికి నాలుగు రీతులు పెట్టితిమి. మందుల సొరుగునకు గుండ్రని కఱ్ఱ పిడి. బట్టల సొరుగునకు పలకలుగ చెక్కిన పిడి. దేవుని సామానునకు నూలు త్రాటి ముడి. నాలుగవదానికి భోషాణముపై నుండిన ఇత్తడి కడియము. ఆ నాలుగవ సొరుగులో ఏమున్నదో అత్తయ్యగారు చెప్పరు, మేమడుగము.

ఇప్పుడు మూత సంగతి చెప్పవలెను. ఆచారిగారు ఆమె కోరినట్లే ఆమె ఎదుటనే పెట్టె విప్పిరి. మేకులు కొట్టకుండ పల్లును పల్లును కఱచుకొనునట్లు చేసిన కూడళ్లు. వానిని తడిగుడ్డతో నానవైచి, చెక్కసుత్తితో మెల్లగ తట్టుచు ఊడదీసిరి. గోడ బల్లలకు చిత్రిక పట్టగ పైనున్న ఏండ్లనాటి జిడ్డు పోయి బంగారు చాయ తేలినది; టేకు వాసన ఇల్లంతయు నిండినది. తరువాత మూత చేతబట్టి ఆయన ఆగిరి. "అమ్మా, లోపలివైపు ఏవో గీతలున్నాయి. చిత్రిక పట్టి తీసేయనా?"

ఆ గీతలను నేను కాపురమునకు వచ్చిన నాటి నుండి చూచుచుంటిని. కత్తిమొనతో గీచిన ఐదు గీతలు. ఏ మిరపబస్తాల లెక్కయో అనుకొని ఎన్నడును అడుగలేదు. "తీసివేయుడు" అనుటకు నా నోటివఱకు వచ్చినది. మూడు దినముల మజ్జిగన్నము జ్ఞప్తికి వచ్చి నాలుక కఱచుకొని, మూతను అత్తయ్యగారి ఒడిలో పెట్టితిని. ఆమె వ్రేలితో ఒక్కొక్క గీతను తడిమినది. "ఇది పెద్దాడు. ఇది ఆడపిల్ల, పురిట్లోనే పోయింది. ఇది మీ ఆయన. ఇది చిన్నది. ఇది వాడు, ఏడాది నిండలేదు, అమ్మవారు పోసి..." అని నిలిచిపోయినది. మాకు తెలిసిన సంతానము ముగ్గురు. మావారికి సైతము ఆ ఇద్దఱి సంగతి తెలియదు. నలువది ఎనిమిదేండ్ల మనిషి, నూర్గురు పిల్లలకు పాఠము చెప్పువారు, ఆ రాత్రి తల్లి ప్రక్కన నేలపై పడుకొనిరి.

"ఎవరికీ ఎందుకు చెప్పలేదు అత్తయ్యగారూ?" అని మఱునాడు అడిగితిని. "ఎవరడిగారే?" అనినది.

సోదరీమణులారా, మన పెద్దవారి పెట్టెలలో ఏమున్నదో మనకు తెలియును. పెట్టెల మూతలలో నేమున్నదో మనమడుగము. ఆ మూతపలకను పై అరకు తలుపుగ అమర్చితిమి. బయటివైపు చిత్రిక పట్టి నునుపు చేసితిమి. లోపలివైపు ఉలి తాకలేదు. తలుపు తెఱచినప్పుడెల్ల ఐదు గీతలును కనబడును.

ఇక నా తొందరపాటు. సొరుగులు అమర్చునాడు ఆచారిగారు ప్రతి సొరుగునకును పైన రూపాయి బిళ్ల మందము సందు ఉంచిరి. నాకది నచ్చలేదు. పండ్ల సందువలె అసహ్యముగ నున్నదనియు, మట్టుగ అతికినట్లుండవలెననియు పట్టుపట్టితిని. "అమ్మా, వానకాలం వస్తది" అని ఆయన. "ఇది ఏబదేండ్ల పాత కఱ్ఱ. ఇంక కదలునా?" అని నేను. పుస్తకములు చదివినదాని మాట గనుక ఆయన మిన్నకుండి, పలుచని బద్దలు అతికించి సందు మూసిరి. మే నెలలో సొరుగులు వెన్నలో వ్రేలువలె జాఱెడివి. నేను పొంగిపోయితిని.

భాద్రపదమున నాలుగు దినములు ముసురు పట్టినది. ఒక ఉదయమున అత్తయ్యగారి కన్నులు ఎఱ్ఱబడియుండుట చూచి, "రాత్రి చుక్కలు వేసికొంటిరా?" అని అడిగితిని. ఆమె తటపటాయించి, "సొరుగు రాలేదే అమ్మాయీ. రెండు చేతుల్తో లాగినా రాలేదు. మీరంతా నిద్రపోతున్నారు" అనినది. వెళ్లి లాగి చూచితిని. నాకును రాలేదు. ఎవ్వరిని పిలువ నక్కఱలేకుండుటకై చేసిన సొరుగే ఆమెను చీకటిలో నిలువబెట్టినది. నా కంటి అందముకొఱకు ఆమె కంటి మందు తప్పినది. అంతకు మించిన శిక్ష నాకు వలదు.

కఱ్ఱ ఎంత పాతదైనను గాలిలోని తేమను పీల్చుచునే యుండును, విడుచుచునే యుండును. చచ్చిన చెట్టు శ్వాస విడువదు. నిలువు పొడుగున ఆ కదలిక లేనట్లే. అడ్డముననే ఉబ్బును, తగ్గును. అందులోను వలయముల వెంబడి కదలిక, నడిబొడ్డు నుండి బయటికి కలుగు కదలికకు ఇంచుమించు రెట్టింపు. టేకు తక్కువ కదలునే గాని కదలకపోదు. ఐదంగుళముల సొరుగుబల్ల రేగడినేల వలెనే వానకు ఉబ్బినది. నేలకు గల గుణమును గోడ మూలలో కొలిచి తెలిసికొన్నదానను, కఱ్ఱకు గల గుణమును పెద్దవాడు చెప్పగ వినకపోతిని.

ఆచారిగారు వచ్చి, నన్నొక్క మాటయు అనక, మావారిని సుద్దముక్క అడిగిరి. సొరుగును మెల్లగ ఊడదీసి, ప్రక్కలకును అంచులకును సుద్ద పూసి, లోనికి త్రోసి మరల తీసిరి. ఎక్కడ సుద్ద చెఱిగినదో అక్కడ ఒరయుచున్నదన్నమాట. ఆ చోటులనే చిత్రికతో రెండు పొరలు తీసిరి. నాలుగు వైపుల గీకి వేయలేదు. వానకాలమున ఉబ్బినదానిని మితిమీరి చెక్కినచో వేసవిలో వదులై గలగలలాడును. సంక్రాంతి వెళ్లి కఱ్ఱ బాగుగ ఆరిన తరువాత తక్కినది సరిచేసి, రూపాయి బిళ్ల సందును తిరిగి తెప్పించితిని. ఇప్పుడా సందు నాకు అసహ్యముగ లేదు.

మీలో ఎవరైన ఇట్టిది చేయింపదలచినచో ఈ జాగ్రత్తలు గుర్తుంచుకొనుడు.

కాళ్లు నేలకు తగులనీయకుడు. చెదలు నేల నుండియే ఎక్కును. మేము నాలుగు కాళ్ల క్రింద చీమకుర్తి నల్లరాతి ముక్కలు పెట్టితిమి; కోతలో మిగిలిన ముక్కలు తక్కువకే దొరకును. పల్నాటి నాపరాయియు చాలును. గోడకును బీరువా వీపునకును నడుమ అరంగుళము గాలి ఆడనీయుడు. గోడ చెమ్మ కఱ్ఱకు ఎక్కదు.

సొరుగు జాఱు పట్టెలకు నూనె పూయకుడు. దుమ్ము పట్టి జిగటయగును. కొవ్వొత్తి మైనమును రుద్దిన చాలును.

కఱ్ఱకు అవిసెనూనె పట్టించినచో తేమ రాకపోకలు మెల్లపడును, పూర్తిగ ఆగవు. లోపలి వైపును, కోసిన కొనలను మఱువక పట్టింపవలెను. అయితే ఒక హెచ్చరిక. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలను పడవేయరాదు. అవి ఆరుచు తమంతట తామే వేడెక్కి అంటుకొనవచ్చును. ప్రత్తి బోరెములున్న ఇండ్లలో ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కఱలేదు. ఆ గుడ్డలను ఆరుబయట విడివిడిగ పఱచి ఆరవేసి, పిమ్మట పాఱవేయుడు.

బీరువా పైభాగమును గోడకు రెండు ఇనుప పట్టీలతో బిగింపుడు. సొరుగులన్నియు ఒక్కమాఱు లాగినచో బరువు ముందుకు వచ్చి మీద పడవచ్చును. పసిపిల్లలున్న ఇంట మందుల సొరుగు పైదిగ నుండవలెను, గొళ్లెము పెట్టవలెను.

చివరిది, పనివాని మాట వినుడు. ఆయన చదువు చేతిలో నుండును గనుక నోట తక్కువగ వచ్చును. ఒక్కమాఱే చెప్పును.

ఇప్పుడు ప్రతిరాత్రియు మంచము మీద పడుకొని నేను ఒక చప్పుడుకై చెవియొగ్గి యుందును. పడమటింట గుండ్రని పిడి తడవిన చప్పుడు, సొరుగు జాఱిన చప్పుడు, సీసా మూత విప్పిన చప్పుడు, సొరుగు మూసిన చప్పుడు. అత్తయ్యగారు ఎవ్వరిని పిలువరు. ఒక్కొక్క రాత్రి మాత్రము దాని వెంట మఱియొక చప్పుడు వినబడును. అది పై అర తలుపు తెఱచుకొను చప్పుడు. ఆ అరలో ఆమె వస్తువు లేవియు లేవు. నేను లేవను, అడుగను. కొంతసేపటికి తలుపు మూసికొనును.

వచ్చు మాసమున, కొత్త చింతపండు నిలువచేయుట గూర్చి అడిగిన సోదరికి సమాధానము వ్రాసెదను. ఈ లోపల మీ యింటి పాత పెట్టెల మూతల నొకమాఱు తెఱచి చూడుడు. గీత లేవైన నున్నచో చిత్రిక పట్టించుటకు ముందు అడుగుడు.